బీటా హెచ్‌సీజీ రెట్టింపు కాలేదంటే గర్భం నిలవదనేనా?

ప్రశ్న: నా వయసు 26 సంవత్సరాలు. మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. రెండేళ్ల క్రితం ఒకసారి రెండున్నర నెలలకు గర్భం పోయింది. నాకు నెలసరి 37 నుంచి 40 రోజులకు ఒకసారి వస్తుంది. ఈసారి నెల తప్పాక కిట్‌తో చూసుకుంటే రెండు గీతలు వచ్చాయి. 44వ రోజున దేవరకొండలో రక్తపరీక్ష చేయిస్తే గర్భం వచ్చాక రక్తంలో పెరిగే హార్మోన్ అయిన బీటా హెచ్‌సీజీ 612 వచ్చింది. మర్నాడు గోధుమ రంగు మరక కనిపించింది. 46వ రోజున నల్గొండ వెళ్లి వేరే ల్యాబ్‌లో చేయిస్తే 980 వచ్చింది. పొట్ట మీది నుంచి స్కానింగ్ చేసి గర్భసంచిలో ఏమీ కనబడలేదన్నారు. గర్భం నిలవడానికని ప్రొజెస్టరాన్ అనే హార్మోన్ మాత్రలు రాశారు. రెండు రోజులకు నంబరు రెట్టింపు కాలేదు కాబట్టి ఇది నిలవదని, మెడికల్ షాపులో మాత్రలు తెచ్చుకుని కడుపు కడిగేసుకోవడం మంచిదని మా ఊరి ఆర్‌ఎంపీ చెబుతున్నారు. నాకు నొప్పి ఏమీ లేదు. ఏం చేయాలి? నంబరు ఎక్కువ ఉంటే ఆడపిల్ల అంటున్నారు, అది కూడా నిజమేనా?
– ఒక సోదరి, దేవరకొండ

జవాబు: ఆర్‌ఎంపీ తెచ్చుకోమన్న ఆ కడుపు పోయే మాత్రలు దయచేసి వేసుకోవద్దు. మీరు రాసిన రెండు నంబర్లను బట్టి ఈ గర్భం పోయిందని ఏ డాక్టరూ చెప్పలేరు. బాగానే ఉందని కూడా ఇప్పుడే చెప్పలేరు. ఇంకా ముఖ్యమైన విషయం ఏమిటంటే, గర్భం ఎక్కడ నిలిచిందో ఇప్పటికీ తేలలేదు. ఒకవేళ అది గర్భసంచిలో కాకుండా ట్యూబులో ఉంటే ఆ మాత్రలతో అది పోదు. మాత్రల వల్ల రక్తస్రావం అయితే పని అయిపోయిందని మీరు ఇంట్లో నిశ్చింతగా ఉంటారు, లోపల మాత్రం ట్యూబు పగిలే ప్రమాదం అలాగే ఉంటుంది. ఒకవేళ గర్భం సరైన చోట ఆరోగ్యంగా ఉంటే, కోరుకున్న బిడ్డను మీరే పోగొట్టుకున్నవారవుతారు. స్కానింగ్‌లో గర్భం గర్భసంచిలోనే ఉందని చూడకుండా ఈ మాత్రలు ఎవరూ ఇవ్వకూడదు, ఎవరూ వాడకూడదు.

ఇక నంబర్ల విషయానికి వద్దాం. ఫలదీకరణ జరిగిన పిండం గర్భసంచి గోడకు అంటుకున్నాక, తర్వాత మాయగా మారే కణాలు హెచ్‌సీజీ అనే హార్మోన్‌ను విడుదల చేయడం మొదలుపెడతాయి. అండం విడుదలైన తర్వాత పిండం అంటుకోవడానికి సాధారణంగా 6 నుంచి 10 రోజులు పడుతుంది కాబట్టి, అంతకుముందు రక్తంలోనూ మూత్రంలోనూ ఈ హార్మోన్ కనిపించదు. రక్తపరీక్షలో 5 లోపు ఉంటే గర్భం లేదని, 25 దాటితే ఉందని, మధ్యలో ఉంటే రెండు రోజులాగి మళ్లీ చూడాలని లెక్క. ఇంట్లో వాడే కిట్లలో చాలావాటికి మూత్రంలో 20 నుంచి 25 యూనిట్లు ఉంటేనే రెండో గీత వస్తుంది. ఈ హార్మోన్ తొలి వారాల్లో వేగంగా పెరిగి, 8 నుంచి 11 వారాల మధ్య గరిష్ఠానికి, చాలామందిలో లక్ష దాకా చేరి, ఆ తర్వాత తగ్గి ఒక స్థాయిలో నిలుస్తుంది. మూడో నెల తర్వాత నంబరు తగ్గిందని కంగారుపడి ఫోన్ చేసేవారు నాకు తరచూ తగులుతుంటారు. ఆ తగ్గుదల సహజమే.

ల్యాబ్ రిపోర్టు కింద ఏ వారంలో ఎంత ఉండాలో ఒక పట్టిక అచ్చువేస్తారు. మీ ఆందోళన అక్కడే మొదలై ఉంటుందని నా అనుమానం. చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తే ఐదో వారంలో 18 నుంచి 7,340 దాకా, ఆరో వారంలో 1,080 నుంచి 56,500 దాకా ఉండవచ్చని చాలా పట్టికల్లో ఉంటుంది. ఒకే వారంలో కొన్ని వందల రెట్ల తేడా ఉందంటే, ఆ పట్టికతో ఒక్క మనిషి గర్భాన్ని తూచడం ఎంత వృథానో మీకే అర్థమవుతుంది. పైగా ఆ పట్టిక 28 రోజులకు నెలసరి వచ్చేవారి కోసం వేసింది. వారికి 14వ రోజు ప్రాంతంలో అండం విడుదలవుతుంది. మీకు నెలసరి 37 నుంచి 40 రోజులకు వస్తుంది కాబట్టి అండం 24వ రోజు ప్రాంతంలో విడుదలై ఉండాలి. అంటే తేదీ ప్రకారం 44వ రోజున మీకు ఆరు వారాలు దాటినట్టు లెక్క వచ్చినా, గర్భం వయసు అప్పటికి అయిదు వారాలైనా నిండి ఉండదు. ఆ వయసుకు 612 తక్కువేమీ కాదు. మీ నెలసరి తీరు ల్యాబ్‌లోనూ స్కానింగ్ గదిలోనూ ఎవరూ అడగలేదంటే నాకు ఆశ్చర్యం లేదు, కానీ రేపు వెళ్లే చోట వారు అడగకపోయినా మీరే చెప్పాలి.

రెండు రోజులకు రెట్టింపు కావాలన్న మాట ఊళ్లలోనే కాదు, పట్టణాల్లో కూడా బాగా నాటుకుపోయింది. అది చాలా గర్భాల్లో సగటున జరిగేది తప్ప, దానికి తగ్గితే గర్భం చెడిందని చెప్పే హద్దు కాదు. ఆరోగ్యంగా కొనసాగిన గర్భాలను గమనించి నిపుణులు కనీస పెరుగుదలను ఇలా లెక్కగట్టారు: మొదటి నంబరు 1,500 లోపు ఉంటే 48 గంటల్లో కనీసం 49 శాతం, 1,500 నుంచి 3,000 మధ్య ఉంటే 40 శాతం, 3,000 దాటితే 33 శాతం పెరగాలి. నంబరు పెద్దదయ్యేకొద్దీ వేగం తగ్గడం సహజం. మీది 612 నుంచి 980కి పెరిగింది, అంటే 60 శాతం. రెట్టింపు కాకపోయినా కనీస హద్దు పైనే ఉంది.

అయితే ఈ 60 శాతాన్ని నేను పూర్తిగా నమ్మను. మొదటి పరీక్ష ఒక ల్యాబ్‌లో, రెండోది మరో ల్యాబ్‌లో జరిగింది. హెచ్‌సీజీని కొలిచే యంత్రాలు, వాటిలో వాడే రసాయనాలు కంపెనీకొక తీరుగా ఉంటాయి. ఒకే రక్తానికి రెండు చోట్ల వేర్వేరు నంబర్లు రావచ్చు. ఒక దుకాణంలో ఒక రాయితో తూచిన పత్తిని ఇంకో దుకాణంలో ఇంకో రాయితో తూచి, తేడా వచ్చిందని పత్తిని అనుమానించినట్టు ఉంటుంది ఇది. కాబట్టి ఇకపై చేయించే పరీక్ష నల్గొండలోని ఆ రెండో ల్యాబ్‌లోనే చేయించండి. నమూనా ఇచ్చిన తేదీతో పాటు గంట కూడా రాసిపెట్టుకోండి, ఎందుకంటే 36 గంటల తేడాను 48 గంటలుగా లెక్కేస్తే పెరుగుదల తక్కువగా కనబడుతుంది. ఈ పరీక్షకు పరగడుపున ఉండాల్సిన పని లేదు. నీళ్లు ఎక్కువ తాగినందువల్ల రక్తంలోని నంబరు మారదు. జుట్టు కోసం బయోటిన్ ఎక్కువ మోతాదులో ఉన్న మాత్రలు వాడుతుంటే మాత్రం ముందే చెప్పండి, కొన్ని యంత్రాల్లో అవి నంబరును అసలుకంటే తక్కువగా చూపిస్తాయి. పిల్లల కోసం చికిత్స తీసుకుంటూ అండం విడుదలకు హెచ్‌సీజీ ఇంజెక్షన్ చేయించుకున్నవారికి, గర్భం లేకపోయినా పది పన్నెండు రోజుల పాటు పరీక్ష పాజిటివ్ రావచ్చు. మీరు అలాంటిదేమీ రాయలేదు కాబట్టి ఆ అనుమానం మీకు అక్కర్లేదు.

స్కానింగ్‌లో ఏమీ కనబడకపోవడానికి ముఖ్యంగా మూడు కారణాలు ఉండవచ్చు: గర్భం ఇంకా చాలా చిన్నదై ఉండవచ్చు, ఎదగని గర్భమై ఉండవచ్చు, లేదా గర్భసంచి బయట నిలిచి ఉండవచ్చు. మీ విషయంలో మొదటిదానికే అవకాశం ఎక్కువ. లోపలి నుంచి చేసే స్కానింగ్‌లో, అంటే డాక్టర్లు టీవీఎస్ అని రాసేదానిలో, నీటి సంచి సాధారణంగా హెచ్‌సీజీ 1,500 నుంచి 2,000 దాటాక కనబడుతుంది. కొందరికి 3,500 దాకా కూడా కనబడకపోవచ్చు. పొట్ట మీది నుంచి చేసే స్కానింగ్‌కు అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. 980 దగ్గర పొట్ట మీది నుంచి చూసి ఏమీ లేదనడం, పొద్దు పొడవకముందే వాకిట్లో ఎండ రాలేదనడమే. అది తప్పు రిపోర్టు కాదు, తొందరపడి తీసిన రిపోర్టు.

మూడో కారణాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. మొత్తం గర్భాల్లో ఒకటి రెండు శాతం గర్భసంచి బయట నిలుస్తాయి, వాటిలో అత్యధికం ఫాలోపియన్ ట్యూబులోనే. అలాంటి గర్భాల్లో హెచ్‌సీజీ చాలావరకు నత్తనడక నడుస్తుంది, లేదా ఒకచోట ఆగిపోతుంది. కానీ కొన్నింటిలో మంచి గర్భంలాగే చక్కగా పెరుగుతూ పోతుంది. అందుకే నంబరు బాగుందని చెప్పి ట్యూబు గర్భాన్ని కొట్టిపారేయలేం, నంబరు తక్కువగా ఉందని చెప్పి అదేనని నిర్ధారించలేం. మరక మీకు ఉంది, నొప్పి లేదు. గోధుమ రంగు మరక మామూలుగా ఎదిగే గర్భాల్లో కూడా చాలామందికి కనిపిస్తుంది. గర్భం ఎక్కడుందో తేలేదాకా మీరు జాగ్రత్తలో ఉండాలన్నదే నా మాట.

ఈ జవాబు మీరు చదివేసరికి కొన్ని రోజులు గడిచి ఉంటాయి కాబట్టి, ఇక ఆలస్యం చేయకుండా నల్గొండలోని ప్రభుత్వ ఆసుపత్రి గైనిక్ విభాగంలోగానీ, మీరు చూపించుకున్న గైనకాలజిస్ట్ దగ్గరగానీ లోపలి నుంచి చేసే స్కానింగ్ చేయించుకోండి. దానితో గర్భసంచికి, బిడ్డకు ఏ హానీ లేదు. అదే రోజు అదే ల్యాబ్‌లో హెచ్‌సీజీ కూడా ఇవ్వండి. నీటి సంచి, అందులో పసుపు సంచి (పిండానికి తొలి రోజుల్లో ఆసరాగా ఉండే చిన్న సంచి) కనబడితే గర్భం చోటు తేలినట్టే, అక్కడితో రక్తపరీక్షలు ఆపేయవచ్చు. ఏమీ కనబడకపోతే, లేదా నంబరు పెరగకుండా నిలిచిపోతే, డాక్టరు 48 గంటలకు మరోసారి రక్తం చూసి నిర్ణయిస్తారు. నంబరు తగ్గుతూ ఉంటే గర్భం తనంతట తానే పోతున్నదని అర్థం, అప్పుడు కూడా అది 5 లోపుకు దిగేదాకా గమనించాలి. ట్యూబు గర్భమని తేలినా తొందరగా కనుక్కుంటే చాలామందికి మెథోట్రెక్సేట్ ఇంజెక్షన్‌తో, ఆపరేషన్ లేకుండా నయమవుతుంది. ఆలస్యమైతే ఆ అవకాశం పోతుంది.

అంతవరకు మీరు ఒంటరిగా చెల్కకు, పత్తి ఏరడానికి పోకండి. ఇంట్లో ఒకరికైనా విషయం చెప్పి ఉంచండి. పొట్టలో ఒకపక్క నొప్పి మొదలైనా, భుజం కొసన నొప్పి వచ్చినా, కళ్లు తిరిగి చెమటలు పట్టినా, మలవిసర్జనకు వెళ్లాలన్న ఒత్తిడి అదేపనిగా అనిపించినా, ప్యాడ్ తడిసేంత రక్తం పోయినా ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకుని తెల్లవారేదాకా చూడకుండా 108కి ఫోన్ చేసి, ఆపరేషన్ వసతి, రక్తం దొరికే పెద్ద ఆసుపత్రికి వెళ్లండి. భుజంలో నొప్పి వస్తే కడుపుతో దానికేం సంబంధమని చాలామంది వదిలేస్తారు. లోపల కారిన రక్తం ఊపిరితిత్తుల కింది పొరను తాకడం వల్ల నొప్పి భుజంలో తెలుస్తుంది. మీ ఊరి నుంచి నల్గొండకు ప్రయాణం తక్కువేమీ కాదు. పట్టణానికి దగ్గర్లో పుట్టిల్లో చుట్టాల ఇల్లో ఉంటే ఈ వారం అక్కడ ఉండడం మేలు.

ప్రొజెస్టరాన్ మాత్రల గురించి. గతంలో గర్భం పోయి, ఇప్పుడు మరక కనబడుతున్నవారికి సహజ ప్రొజెస్టరాన్ కొంత మేలు చేయవచ్చని పరిశోధనల్లో తేలింది, కాబట్టి మీకు రాయడంలో తప్పు లేదు. అది హెచ్‌సీజీని పెంచదు, ట్యూబు గర్భాన్ని గర్భసంచిలోకి తేలేదు. ఈ మాత్రలు వేసుకుంటూ ప్రొజెస్టరాన్ రక్తపరీక్ష చేయించడం మాత్రం డబ్బు దండగ. కొన్ని మాత్రలు ఆ నంబరును కృత్రిమంగా పెంచుతాయి, డైడ్రోజెస్టరాన్ లాంటివి ఆ పరీక్షలో అసలు కనబడవు.

మీ బ్లడ్ గ్రూప్ రాయలేదు. నెగెటివ్ అయి, మీ ఆయనది పాజిటివ్ అయితే మొదటిసారి వెళ్లినప్పుడే డాక్టరుకు చెప్పండి. రక్తస్రావం పెరిగినా, ట్యూబు గర్భం తేలినా నెగెటివ్ రక్తం ఉన్న తల్లికి తర్వాతి గర్భాల్లో ఇబ్బంది రాకుండా ఇచ్చే యాంటీ-డి ఇంజెక్షన్ 72 గంటల్లో అవసరమా అన్నది వారు చూస్తారు. ఎలాగూ రక్తం ఇస్తున్నారు కాబట్టి బ్లడ్ గ్రూప్, హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్-బి పరీక్షలు కూడా అప్పుడే చేయించుకుంటే మళ్లీ తిరిగే పని తప్పుతుంది. వీటిలో చాలావరకు ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితమే. హిమోగ్లోబిన్ 11 కన్నా తక్కువైతే గర్భిణికి రక్తహీనత కిందే లెక్క. తొలి నెలల్లో హెచ్‌సీజీ థైరాయిడ్‌ను కూడా కొంత ప్రేరేపిస్తుంది, అందువల్ల థైరాయిడ్ పరీక్షలో చూసే టీఎస్‌హెచ్ మామూలుకంటే తక్కువగా రావచ్చు. దాన్ని చూసి సొంతంగా మందులు మార్చుకోకండి. ఫోలిక్ యాసిడ్ ఇప్పటికే మొదలుపెట్టకపోతే ఈ రోజే మొదలుపెట్టండి.

ఆడపిల్ల, మగపిల్లవాడు అన్నది ఈ నంబరును బట్టి తెలియదు. కవలలున్నా, ముత్యాల గర్భమైనా (బిడ్డ ఎదగకుండా మాయ నీటి బుడగల గుత్తిలా పెరిగే గర్భం) హెచ్‌సీజీ ఎక్కువగా ఉండవచ్చు, అదైనా స్కానింగ్‌లోనే తేలుతుంది. పుట్టబోయే బిడ్డ ఆడా మగా అని చెప్పడం, చెప్పించుకోవడం రెండూ 1994 నాటి చట్టం ప్రకారం నేరం, కాబట్టి ఎవరైనా మీకు అలా చెబుతామంటే ఆ మాటకు, ఆ మనిషికి కూడా దూరంగా ఉండండి. స్కానింగ్‌కు వెళ్లేటప్పుడు రెండు ల్యాబ్‌ల రిపోర్టులు, మొదటి స్కానింగ్ రిపోర్టు, నెలసరి తేదీలు రాసుకున్న కాగితం వెంట తీసుకెళ్లండి.