సోషల్ టీచర్ అమెరికా వెళ్తే పాఠానికి పనికొచ్చేవి ఏం చూడాలి?

మీ అక్కగారు జడ్పీ హైస్కూల్లో సోషల్ చెబుతారని, ఈ వేసవి సెలవుల్లో కొడుకు దగ్గరికి వెళ్తున్నారని రాశారు. ఉన్న రెండు మూడు వారాల్లో ఏ చారిత్రక ప్రదేశాలు, ఏ మ్యూజియంలు చూస్తే క్లాసులో ఉపయోగపడతాయని అడిగారు. నేనూ స్కూల్ అసిస్టెంట్ సోషలే. మా అమ్మాయి వర్జీనియాలో ఉంటుంది కాబట్టి నేను తిరిగిందంతా తూర్పు వైపే, అందుకని అక్కడి సంగతులే చెబుతాను.

లిబర్టీ విగ్రహం, వైట్‌హౌస్ ముందు ఫొటో, నయాగరా ఎలాగూ పిల్లలే చూపిస్తారు. వాటికి మన సలహా అక్కర్లేదు. పాఠం కోసమైతే మాత్రం, మన పుస్తకాల్లో ఉన్న మనుషులు అక్కడ ఎక్కడెక్కడ తగులుతారో చూసుకుని వెళ్లమనండి. నన్నడిగితే మొదట చూడాల్సింది వర్జీనియాలోని యార్క్‌టౌన్.

శాశ్వత శిస్తు విధానం చెప్పేటప్పుడు కారన్‌వాలీస్ పేరు రాయించని టీచర్ ఉండరు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ సేనాపతిగా ఆయన 1781 అక్టోబరు 19న జార్జి వాషింగ్టన్ సేనలకు, ఫ్రెంచివాళ్లకు లొంగిపోయింది ఇక్కడే. ఏడువేల మందికి పైగా సైన్యం ఆయుధాలు కింద పెట్టింది. ఆయన మాత్రం ఒంట్లో బాగాలేదని చెప్పి రాలేదు, ఓహారా అనే అధికారి చేత కత్తి పంపించాడు. సైన్యం లొంగిన మైదానాన్ని అలాగే ఉంచారు. కోట బురుజుల్లాంటి మట్టికట్టల మీద గడ్డి మొలిచి ఉంటుంది. లొంగుబాటు షరతులు మాట్లాడుకున్న మూర్ ఇల్లు కూడా ఉంది. ఈ మట్టిదిబ్బలు చూడ్డానికి ఇంత పెట్రోలు పోసుకుని రావాలా అంది మా ఆవిడ. కానీ తిరిగొచ్చాక క్లాసులో ఈ కథ చెప్పి, ఐదేళ్లకే 1786లో ఆయన్ని మనకు గవర్నర్ జనరల్‌గా పంపారని, 1793లో బెంగాల్లో పెట్టిన ఆ శిస్తు పద్ధతే 1802లో ఉత్తర సర్కారులకూ, అంటే మన కోస్తాకూ వచ్చిందని చెబితే, వెనక బెంచీ కుర్రాడొకడు లేచి "అక్కడ ఓడిపోయినోడికి ఇక్కడ ప్రమోషన్ ఇచ్చారా సార్?" అన్నాడు. ఆ రోజు పాఠం నేను చెప్పనక్కర్లేకుండానే నడిచింది.

యార్క్‌టౌన్ నుంచి జేమ్స్‌టౌన్ కారులో గంటలోపే. ఇంగ్లీషువాళ్లు అక్కడ దిగింది 1607లో. ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తక స్థావరం పెట్టింది 1611లో. లండన్‌లో అటు వర్జీనియా కంపెనీకి, ఇటు ఈస్టిండియా కంపెనీకి పెద్దగా వ్యవహరించింది థామస్ స్మైత్ అనే ఒకే వ్యాపారి. ప్రపంచ పటం గోడకు తగిలించి ఈ రెండు చుక్కలూ పెట్టి చూపిస్తే చాలు, వలసవాదం అంటే ఏమిటో వేరే నోట్సు అక్కర్లేదు.

అయితే ఒక జాగ్రత్త. అక్కడ జేమ్స్‌టౌన్ పేరుతో రెండు ఉన్నాయి. ఒకటి పాత ఓడల నమూనాలు, వేషాలు వేసుకున్న మనుషులతో కట్టిన కేంద్రం. చిన్నపిల్లలుంటే బాగుంటుంది. రెండోది హిస్టారిక్ జేమ్స్‌టౌన్, అసలు తవ్వకాలు జరిగిన చోటు. టైము ఒక్కదానికే ఉంటే రెండోదానికే వెళ్లమనండి. ఇంగ్లీషువాళ్లు కట్టుకున్న పాత కోట నదిలో కలిసిపోయిందనే చాలాకాలం అనుకున్నారు. 1994లో మొదలైన తవ్వకాల్లో అది బయటపడింది. అక్కడి మ్యూజియంలో పద్నాలుగేళ్ల అమ్మాయి పుర్రె ఉంది. 1609-10 చలికాలం కరువులో చనిపోయిన పిల్ల. ఎముక మీద కత్తి గాట్లు దగ్గర్నుంచి కనిపిస్తాయి. ఆకలికి మనుషులు మనుషులనే తిన్నారని కాగితాల్లో ఉన్నమాటకు అది రుజువు. ఆధారాలు అంటే ఏమిటని పిల్లలకు చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి!

వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ మ్యూజియంలన్నీ ఉచితం. అన్నీ చూద్దామని పరిగెత్తితే కాళ్ల నొప్పులే మిగులుతాయి. ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర మ్యూజియానికి ఒక పూట పూర్తిగా కేటాయించమనండి. ఫలానా టైముకు రమ్మనే ప్రవేశ పాసు ముందే ఆన్‌లైన్లో తీసుకోవాలి, దానికీ డబ్బులు లేవు. లిఫ్టులో నేల కిందికి తీసుకెళ్తారు, అక్కడ బానిస వ్యాపారం నుంచి మొదలుపెట్టి అంతస్తు అంతస్తుగా పైకి రావాలి. స్వాతంత్ర్య ప్రకటనలో మనుషులందరూ సమానమని రాసిన జెఫర్సన్ విగ్రహం వెనక ఇటుకల గోడ పేర్చారు, ఇటుకల మీద ఆయన దగ్గర బానిసలుగా బతికినవాళ్ల పేర్లు. తెల్లవాళ్లను, నల్లవాళ్లను వేరువేరుగా కూర్చోబెట్టిన ఒక పాత రైలు పెట్టె కూడా ఉంది. నల్లవాళ్ల వైపు బాత్రూములు ఇరుకు, సామాన్లు పెట్టుకునే అరలు లేవు. 1893లో పీటర్‌మారిట్జ్‌బర్గ్ స్టేషన్లో గాంధీగారిని రైల్లోంచి దింపేసిన కథ పిల్లలకు తెలిసిందే కదా, దాని పక్కన పెట్టి చెప్పొచ్చు.

ఫిలడెల్ఫియా ఒక్క రోజులో అయిపోతుంది. స్వాతంత్ర్య ప్రకటన, రాజ్యాంగం రెండూ పుట్టిన ఇండిపెండెన్స్ హాల్‌కు టికెట్టు ముందుగా బుక్ చేసుకుంటే చాలు. కొడుకు బోస్టన్ వైపు ఉంటే, 1773లో అక్కడివాళ్లు బ్రిటిష్ పన్నుకు నిరసనగా సముద్రంలో పారబోసిన తేయాకు మన ఈస్టిండియా కంపెనీదేనని గుర్తుపెట్టుకుని రేవుకు వెళ్లమనండి.

ఇంకో చిన్న సంగతి. నేషనల్ పార్క్ సర్వీస్ అనే ప్రభుత్వ సంస్థ నడిపే చాలా చోట్ల జూనియర్ రేంజర్ అనే పిల్లల వర్క్‌బుక్కులు ఇస్తారు, ఎక్కువ చోట్ల ఉచితమే. పిల్లల కోసమే అయినా టీచర్నని చెప్పి అడిగితే నాకూ ఇచ్చారు. ఒక చోటు చూస్తూ పిల్లలు ఏం గమనించాలో ప్రశ్నలుగా ఎలా రాయాలో వాటిలో బాగా తెలుస్తుంది. మా స్కూలు పిల్లల్ని కొండపల్లి తీసుకెళ్లినప్పుడు ఆ పద్ధతిలోనే ఒక కాగితం తయారు చేసి ఇచ్చాను.

వాళ్లబ్బాయి ఏ ఊళ్లో ఉంటాడో రాయండి, దాన్నిబట్టి దగ్గర్లో ఏమున్నాయో చెబుతాను. ఎండలు అక్కడా గట్టిగానే ఉంటాయి, టోపీ మర్చిపోవద్దని చెప్పండి.