చర్య, ప్రతిచర్య: ఏది ముందు, ఏది వెనుక?

సందేహం: న్యూటన్ మూడో నియమాన్ని మా అమ్మాయి "ప్రతి చర్యకూ సమానమైన, వ్యతిరేకమైన ప్రతిచర్య ఉంటుంది" అని చదువుతోంది. ఒకే వాక్యంలో రెండుసార్లు వచ్చిన 'ప్రతి'కి అర్థం ఒకటేనా? ప్రతిచర్య అంటే చర్య తరువాత, దానికి బదులుగా జరిగేదని నేను చెప్పాను. "సమానమూ వ్యతిరేకమూ అయితే రెండూ రద్దైపోవాలి కదా, ఇక వస్తువు ఎలా కదులుతుంది?" అని తను అడిగింది. జవాబు చెప్పలేకపోయాను. లోపం మాటలో ఉందా, నా అవగాహనలోనా?

సమాధానం: మీ అమ్మాయి అడగవలసిన ప్రశ్నే అడిగింది. దానికి జవాబు సగం వ్యాకరణంలోనే దొరుకుతుంది.

ముందు 'ప్రతి' సంగతి. రెండూ పుట్టుకలో ఒకటే, పనిలో వేరు. సంస్కృతంలో 'ప్రతి' ఉపసర్గ. పాణిని దీనికి చెప్పిన అర్థాల్లో వీప్స ఒకటి, ప్రతిదానం మరొకటి. వీప్స అంటే ఒక్కొక్కదానికీ వర్తించడం. 'ప్రతిదినం' అన్నప్పుడు ఉన్నది ఆ అర్థమే. తెలుగులో ఈ 'ప్రతి' విడివడి, ప్రతి రోజూ, ప్రతి మనిషీ అన్నట్టు విశేషణంగా స్థిరపడింది. ప్రతిదానం అంటే ఒకదానికి మారుగా మరొకటి ఇవ్వడం. 'ప్రతిచర్య'లోని 'ప్రతి' ఈ వైపుకు చెందినది, పదాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. అందుకే 'ప్రతి చర్యకూ' అని విడిగా, 'ప్రతిచర్య' అని కలిపి రాయాలి. ఇక్కడ సంధి ఏదీ జరగదు కనుక, కాగితం మీద ఈ రెండింటినీ వేరు చేసి చూపేది మధ్యలోని ఖాళీ ఒక్కటే.

నిజానికి మొదటి 'ప్రతి' న్యూటన్ వాక్యంలో లేదు. 1687లో లాటిన్‌లో వెలువడిన ఆయన గ్రంథం 'ప్రిన్సిపియా'లో ఉన్నది, చర్యకు ప్రతిచర్య ఎల్లప్పుడూ వ్యతిరేకమూ సమానమూ అని. 'ఎల్లప్పుడూ' ఉంది, 'ఒక్కొక్క' లేదు. 1729లో ఆండ్రూ మాట్ చేసిన ఇంగ్లీషు అనువాదంలో 'ప్రతి చర్యకూ' అన్నది చేరింది. మన వాక్యం ఆ వరుసలోనే నడుస్తోంది. ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉంది. న్యూటన్ ఆ వాక్యాన్ని అక్కడితో ఆపలేదు. రెండు వస్తువులు ఒకదానిపై ఒకటి జరిపే చర్యలు ఎప్పుడూ సమానమనీ, ఎదురెదురు దిశల్లో ఉంటాయనీ వెంటనే విప్పి చెప్పాడు. ఆ రెండో సగంలో ప్రతిచర్య అనే మాటే లేదు. రెండూ చర్యలే! బట్టీ పట్టేటప్పుడు ఈ సగం రాలిపోతుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

ఇక 'తరువాత' అన్న భావం. ప్రతీకారం, ప్రతిఫలం, ప్రత్యుత్తరం వంటి మాటలు మనకు బాగా అలవాటు. ఇవన్నీ మొదటిది జరిగాక వచ్చేవే. అందుకే ప్రతిచర్య అనగానే మనసు దాన్ని వెనుక వరుసలో నిలబెడుతుంది. కానీ 'ప్రతి'కి ఈ ముందువెనుకలు తప్పనిసరి కావు. ప్రతిపక్షం అంటే ఎదురుగా ఉన్న పక్షం, తరువాత పుట్టిన పక్షం కాదు. ప్రతిచర్యను ఈ ప్రతిపక్షం పక్కన పెట్టి అర్థం చేసుకోవాలి, ప్రతీకారం పక్కన కాదు. రెండు బలాలూ కలిసే పుడతాయి, కలిసే పోతాయి. ఏది చర్య, ఏది ప్రతిచర్య అన్నది మనం పెట్టుకునే పేరు మాత్రమే. తారుమారు చేసినా నియమం చెక్కుచెదరదు. 'చర్యాప్రతిచర్యలు' అని సమాసం చేస్తే అది ద్వంద్వం. ద్వంద్వంలో రెండు పదాలకూ ప్రాధాన్యం సమానం. ఈ నియమానికి ఇంతకంటే తగిన సమాసం లేదు.

ఇప్పుడు మీ అమ్మాయి ప్రశ్న. 'చర్య' అనే నామవాచకంలో ఒక ఇబ్బంది ఉంది. అది కర్తనూ కర్మనూ రెండింటినీ మింగేస్తుంది. ఎవరు, ఎవరిని అన్నది కనిపించదు. కాబట్టి నామవాచకాన్ని పక్కన పెట్టి, క్రియతో పూర్తి వాక్యం రాయండి. న్యూటన్ స్వయంగా ఇచ్చిన ఉదాహరణే తీసుకుందాం: వేలు రాయిని నొక్కుతోంది. దీనికి జంట కావాలంటే కర్తకర్మలను తారుమారు చేయాలి, క్రియను మాత్రం మార్చకూడదు: రాయి వేలిని నొక్కుతోంది. జంట బలాలను గుర్తించడానికి ఇంతకంటే నమ్మకమైన పద్ధతి నాకు తెలియదు.

బల్ల మీద పుస్తకం దగ్గర ఈ పద్ధతి విలువ తెలుస్తుంది. పుస్తకం బరువు చర్య, బల్ల పైకి నెట్టడం ప్రతిచర్య అని చాలామంది చెబుతారు. వాక్యాలు రాసి చూడండి. భూమి పుస్తకాన్ని లాగుతోంది. బల్ల పుస్తకాన్ని నెడుతోంది. కర్త మారింది, క్రియ మారింది, కర్మ మాత్రం అలాగే ఉంది. ఇవి జంట కావు. మొదటి వాక్యానికి జంట 'పుస్తకం భూమిని లాగుతోంది' అన్నది. రెండో వాక్యానికి జంట 'పుస్తకం బల్లను నెడుతోంది' అన్నది. ఆ బల్లను లిఫ్టులో పెట్టామనుకోండి. లిఫ్టు పైకి వేగం పుంజుకుంటున్నంతసేపు బల్ల నెట్టే బలం పుస్తకం బరువును మించుతుంది. నిజమైన జంటలో అలాంటి తేడా ఎన్నటికీ రాదు.

రద్దైపోవడం సంగతీ ఇందులోనే తేలుతుంది. ఒక వస్తువు కదలికను లెక్కగట్టేటప్పుడు, దాని పేరు కర్మగా, అంటే ద్వితీయా విభక్తిలో, ఉన్న వాక్యాలనే కూడాలి. జంట వాక్యాల్లో కర్మలు వేరు వేరు. రాయిని నొక్కే బలాన్ని వేలిని నొక్కే బలంతో కొట్టివేయడం కుదరదు. ఒకరి ఖాతాలోని అప్పును మరొకరి ఖాతాలోని జమతో చెల్లువేయలేం కదా.

'సమానమైన' అన్నది కూడా బలం కొలతకే విశేషణం, ఫలితానికి కాదు. కిలోగ్రాము పుస్తకాన్ని భూమి సుమారు 9.8 న్యూటన్ల బలంతో లాగుతుంటే, ఆ పుస్తకమూ భూమిని సరిగ్గా అంతే బలంతో లాగుతోంది. భూమి ద్రవ్యరాశి సుమారు 6 పక్కన 24 సున్నాలు పెట్టినన్ని కిలోగ్రాములు. అందుకే పుస్తకం పడటం కనిపిస్తుంది, భూమి చలనం కనిపించదు. 'వ్యతిరేకమైన' అనే కంటే 'వ్యతిరేక దిశలో' అనడం మేలు. మన వాడుకలో వ్యతిరేకానికి విరోధం, నిరాకరణ అనే ఛాయలు ఉన్నాయి. ఇక్కడ ఉన్నది దిశ మాత్రమే.

మరో చిన్న జాగ్రత్త. "నొక్కితే తిరిగి నొక్కుతుంది" అని చెప్పకండి. '-తే' చేదర్థకం, ముందు షరతు, ఆ తరువాత ఫలితం అనే క్రమాన్ని సూచిస్తుంది. 'తిరిగి' ఆ భ్రమను ఇంకా పెంచుతుంది. "వేలు రాయిని నొక్కుతున్నప్పుడే రాయి కూడా వేలిని అంతే బలంతో నొక్కుతుంది" అనండి.

కాబట్టి 'ప్రతిచర్య' తప్పు మాట కాదు, వదులుకోనక్కరలేదు. మీరు చెప్పిన వివరణలో దిద్దుకోవలసినది 'తరువాత' అన్న ఒక్క మాట. ఇక ఈ వాక్యాలు మీ అమ్మాయికి రాసి ఇవ్వండి. వీటిలో గుర్రం కూడా న్యూటన్ ఉదాహరణల్లోదే: గుర్రం బండరాయిని లాగుతోంది. బండరాయి గుర్రాన్ని లాగుతోంది. గుర్రం నేలను వెనక్కి నెడుతోంది. నేల గుర్రాన్ని ముందుకు నెడుతోంది. 'గుర్రాన్ని' అన్న చోటల్లా గీత గీయమనండి. గీత పడిన రెండు బలాల్లో నేలది ఎక్కువైనప్పుడు ఆగి ఉన్న గుర్రం ముందుకు కదలడం మొదలుపెడుతుందని తనే చెబుతుంది.