అవసరం రాకముందే పలకరించు

చిన్నా,

ఆశీస్సులు.

మొన్న నీతో మాట్లాడినప్పటి నుంచి నా మనసు కుదురుగా లేదు. మీ కంపెనీలో కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేశారని, పక్క టీమ్‌లో నలుగురిని పంపించేశారని చెప్పావు. చెప్పి, "నా పని నేను బాగానే చేస్తున్నాను కదా పిన్నీ, నాకేం కాదులే" అన్నావు. 2001లో అచ్చం ఇదే మాట నేను మా అమ్మతో అన్నాను. అందుకే ఈ ఉత్తరం. ఫోన్‌లో చెబితే సగం మర్చిపోతావు, తీరిగ్గా చదువుకో.

డాట్‌కామ్ బుడగ పగిలి, అంటే అమాంతం పెరిగిన ఇంటర్నెట్ కంపెనీల షేర్లు కుప్పకూలి, అప్పటికి ఏడాది దాటింది. ఆరేళ్లుగా నేను ఒకే కంపెనీలో ఉన్నాను. ఏటా మంచి రేటింగే వచ్చేది. ఒకరోజు పొద్దున్నే పిలిచి ఒక కాగితం చేతికిచ్చారు. మధ్యాహ్నానికి నా లాగిన్ పనిచేయలేదు. ఇంటికొచ్చి ఎవరికైనా ఫోన్ చేద్దామని కూర్చుంటే, నాకు తెలిసిన మనుషుల నంబర్లు, ఈమెయిళ్లు అన్నీ ఆ ఆఫీసు కంప్యూటర్‌లోనే ఉండిపోయాయి. నా సొంత డైరీలో ఉన్నవి తొమ్మిది నంబర్లు. అందులో ఏడుగురు నాతోపాటు అదే రోజు బయటికొచ్చినవాళ్లు. చెట్టు పేరు చెప్పుకుని కాయలమ్ముకోవడం అంటారు చూడు, ఆరేళ్లూ నేను చేసింది అదే. కంపెనీ పేరు చెబితే అందరూ గౌరవంగా మాట్లాడేవారు, ఆ గౌరవం నాదే అనుకున్నాను. ఎనిమిది నెలలు ఖాళీగా ఉన్నాను. ఆ టెన్షన్ నీకు రాకూడదు.

ముందు ఒక విషయం ఒప్పుకో. లేఆఫ్ జాబితా తయారయ్యే గదిలో నీ పని తెలిసినవాళ్లు ఎప్పుడూ ఉంటారని లేదు. ఏ ప్రాజెక్టు ఆపాలి, ఏ విభాగంలో ఖర్చు ఎంత తగ్గించాలి అన్నది పైన తేలుతుంది. ఆ గీత ఎక్కడ పడితే అక్కడున్నవాళ్లు వెళ్లిపోతారు. 2022 నవంబరులో ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా 11,000 మందికి పైగా ఉద్యోగుల్ని తీసేసింది. 2023 జనవరిలో గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ సుమారు 12,000 మందిని తగ్గిస్తున్నట్టు ప్రకటించింది. వాళ్లలో పని చేతకానివాళ్లు ఎంతమంది ఉంటారంటావు? ఉన్న ఉద్యోగం పోకుండా ఆపడం మన చేతిలో పెద్దగా లేదు. తర్వాతది ఎంత త్వరగా దొరుకుతుందన్నది మాత్రం కొంత మన చేతిలో ఉంది.

"కొన్నాళ్లు ఓపిక పడితే అదే సర్దుకుంటుంది" అని కూడా కూర్చోకు. అమెరికాలో 2007 డిసెంబరులో మొదలైన మాంద్యం 2009 జూన్‌లో ముగిసినట్టు లెక్క తేల్చారు. అయినా అక్కడ నిరుద్యోగం 10 శాతానికి చేరింది ఆ తర్వాత, అక్టోబరులో. మాంద్యం పోయిందని పేపర్లో వచ్చిన రోజుకి ఉద్యోగాలు తిరిగి రావు.

ఇలాంటి రోజుల్లో బయటికి ప్రకటించే ఉద్యోగాలు తక్కువ, వచ్చిపడే రెజ్యూమెలు ఎక్కువ. ఆ కుప్పలోంచి ఒకదాన్ని ఏరడం కంటే "మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని మేనేజర్ తన టీమ్‌ని అడగడమే తేలిక. నేను మేనేజర్‌గా ఉన్న పన్నెండేళ్లూ అదే చేశాను. మనకు నమ్మకమున్న మనిషి "వాడు మాట ఇస్తే చేస్తాడు" అని ఒక్క ముక్క చెబితే, ముక్కూమొహం తెలియనివాళ్లు పంపిన రెండు పేజీల కంటే అది ఎక్కువ పనికొస్తుంది. ఆ ప్రశ్న వేసిన చోట ఎవరో ఒకరి నోట నీ పేరు రావాలి. నేను చెప్పదలచుకున్నదంతా ఇదే.

ఎవరి నోట? నీ ప్రాణస్నేహితుల నోటనే అనుకుంటావు. 1970ల్లో మార్క్ గ్రానొవెటర్ అనే అమెరికన్ సామాజికశాస్త్రవేత్త, కొత్తగా ఉద్యోగం మారినవాళ్లను కలిసి అది ఎలా దొరికిందో అడిగి తెలుసుకున్నాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికినవాళ్లలో, ఆ తెలిసిన మనిషిని తరచూ కలిసేవాళ్లు నూటికి 17 మందే. మిగతావాళ్లందరికీ సాయపడింది అప్పుడప్పుడో, ఎప్పుడో ఒకసారో కనిపించే మనుషులు. ఆ సర్వే చిన్నదే. 2022లో, ఉద్యోగస్తులు పరిచయాలు పెంచుకునే వెబ్‌సైట్ లింక్డ్‌ఇన్‌లోని దాదాపు రెండు కోట్ల మంది సమాచారంతో వెలువడిన అధ్యయనం కూడా ఇంచుమించు ఇదే చెప్పింది. మరీ దగ్గరివాళ్ల కంటే కొద్దిపాటి పరిచయం ఉన్నవాళ్ల వల్లే ఉద్యోగం మారే అవకాశం ఎక్కువట. అలాగని పేరు తప్ప ఇంకేమీ తెలియనివాళ్ల వల్ల అంత లాభం లేదని కూడా తేలింది.

ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. నీ దగ్గరివాళ్లకు తెలిసినవి నీకూ తెలుసు. మీరంతా ఒకే కంపెనీ, ఒకే రంగం, ఒకే పడవ. పడవకి చిల్లు పడితే అందరి కాళ్లూ ఒకేసారి తడుస్తాయి. అప్పుడు ఇంకో ఒడ్డున ఉన్న మనిషి కావాలి.

నాకు అలాంటి మనిషి 2009లో కనిపించాడు. రెండోసారి ఉద్యోగం పోయినప్పుడు. నాలుగేళ్ల ముందు మూడు రోజుల ట్రైనింగ్‌లో నా పక్కన కూర్చున్నాయన. చివరిరోజు ఆయన మధ్యలోనే వెళ్లిపోవాల్సి వస్తే, నేను రాసుకున్న నోట్సు శుభ్రంగా టైప్ చేసి పంపాను. తర్వాత ఏడాదికి ఒకటి రెండు మెయిళ్లు, అంతే. నా సంగతి తెలిసి ఆయనే ఫోన్ చేసి, వాళ్ల పై అధికారికి నా పేరు చెప్పారు. ఇంటర్వ్యూలు మూడు జరిగాయి, వాటిలో నెగ్గడం నా పనే. కానీ ఆ తలుపు దగ్గరికి నన్ను తీసుకెళ్లింది ఆ నోట్సు.

నువ్వు ఏమంటావో నాకు తెలుసు. "అదంతా కాకా పట్టడం పిన్నీ, నాకు మొహమాటం." కాకా పట్టడం అంటే లేనిది ఉందని పొగడటం. నేను చెప్పేది, ఉన్న మంచిని ఉన్నట్టు గుర్తు చేయడం. మొహమాటస్తులకి ఇది ఇంకా బాగా కుదురుతుంది. నలుగురిలో నిలబడి గొప్పగా మాట్లాడక్కర్లేదు. ఒక్కరికి, నిదానంగా, నాలుగు వాక్యాలు రాయగలిగితే చాలు.

ఒక కాగితం తీసుకుని, గత అయిదేళ్లలో నీతో పని చేసి ఇప్పుడు వేరే చోట ఉన్నవాళ్ల పేర్లు పది రాయి. పాత మేనేజరు, క్లయింటు వైపు నుంచి మాట్లాడిన మనిషి, కాలేజీలో రెండేళ్ల సీనియరు, నువ్వు పని నేర్పిన జూనియరు. జూనియర్లని మర్చిపోకు, వాళ్లు చాలా త్వరగా ఎదుగుతారు. వారానికి ఇద్దరిని పలకరించు. "హాయ్, ఎలా ఉన్నారు, జాబ్స్ ఏమైనా ఉన్నాయా" అని మాత్రం రాయకు. అది చదివినవాళ్లకి ఏం చెప్పాలో తోచదు, పక్కన పెట్టేస్తారు. ఇలా రాయి:

"నమస్తే అండీ. రెండేళ్ల క్రితం బిల్లింగ్ సిస్టమ్ మార్చినప్పుడు డేటా సరిచూసుకునే పద్ధతి ఒకటి మీరు నాకు చూపించారు. పోయిన నెల మా ప్రాజెక్టులో అదే వాడాను, రెండు పెద్ద తప్పులు ముందే దొరికాయి. మీకు చెప్పాలనిపించింది. మీరిప్పుడు ఎలాంటి పని మీద ఉన్నారు?"

ఇందులో అడగడం ఏమీ లేదు. నిజం ఉంది, వాళ్లకి సంతోషం కలిగే మాట ఉంది, జవాబు ఇవ్వడానికి ఒక తేలిక ప్రశ్న ఉంది. జవాబు రాకపోతే మనసు కష్టపెట్టుకోకు. మూడు నాలుగు నెలలాగి, చెప్పడానికి ఏదైనా ఉంటే మళ్లీ రాయి. ఇల్లు కాలేటప్పుడు బావి తవ్వినట్టు, ఉద్యోగం పోయిన రోజున పదిమందికీ ఒకే మెసేజ్ పంపితే అందరికీ దాని వెనకున్న అవసరమే కనబడుతుంది, నువ్వు కనబడవు.

ఇక ఆన్‌లైన్ సంగతి. నీ లింక్డ్‌ఇన్ చూశాను. మూడేళ్ల కిందటి ఫోటో, పేరు కింద హోదా, కంపెనీ పేరు, అంతే. నీ పేరు ఎవరైనా చెబితే, విన్నవాళ్లు మొదట చేసే పని ఆ పేరు వెతకడం. అక్కడ ఏమీ లేకపోతే చెప్పినవాళ్ల మాట కూడా తేలిపోతుంది. పేరు కింద వచ్చే హెడ్‌లైన్‌కి 220 అక్షరాల చోటు ఉంది. అందులో నీ హోదా కాదు, నువ్వు ఏ సమస్య తీర్చగలవో రాయి. "సీనియర్ ఎనలిస్ట్" అని లోకంలో లక్షల మంది ఉన్నారు. "బిల్లింగ్ డేటాలో తప్పులు పట్టుకుని సరిచేస్తాను, పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మార్చిన అనుభవం ఉంది" అంటే, ఆ తలనొప్పి ఉన్న మనిషి ఆగి చదువుతాడు.

అన్నిటికంటే ముందు, ఈ రాత్రే ఒక పని చెయ్యి. నీ అకౌంటు ఆఫీసు ఈమెయిల్‌తో తెరిచి ఉంటే సొంత ఈమెయిల్, సొంత ఫోన్ నంబరు అందులో చేర్చు. ప్రోగ్రాముల కోడ్ పెట్టుకునే గిట్‌హబ్ లాంటివాటికీ అంతే. ఆఫీసు మెయిల్ పోయిన రోజున వాటిలోకి వెళ్లే దారి కూడా పోతుంది. 2001లో ఆఫీసు కంప్యూటర్‌లో ఉండిపోయిన నా నంబర్లకి జరిగిందే నీ అకౌంట్లకీ జరుగుతుంది. నీకు తెలిసిన మనుషుల వివరాలు నీ దగ్గర ఉండాలి. కంపెనీ కోడ్, కస్టమర్ల జాబితా, లోపలి ఫైళ్లు మాత్రం ఒక్కటి కూడా తెచ్చుకోకు. అవి నీవి కావు, కేసుల దాకా వెళ్తుంది.

ప్రతి శుక్రవారం పది నిమిషాలు కూర్చుని ఆ వారం ఏం చేశావో నాలుగు లైన్లు సొంత నోటుపుస్తకంలో రాసుకో. ఏ చిక్కు వచ్చింది, నువ్వేం చేశావు, ఎంత సమయం మిగిలింది. రహస్య వివరాలు వద్దు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, ఉద్యోగం పోయిన బాధలో కూర్చుని రెజ్యూమె రాస్తే మనం చేసిన మంచి పని ఒక్కటీ గుర్తురాదు. నాకు గుర్తురాలేదు.

నెలకు ఒకటో రెండో పోస్టులు రాస్తే చాలు. రోజూ రాయాలనే వాళ్ల మాట వినకు. ఆ పుస్తకంలోంచి ఒక చిక్కు తీసుకుని, ఏడాది కిందటి నీకే వివరిస్తున్నట్టు రాయి. లైకులు రావు. రాకపోయినా ఫరవాలేదు, ఆర్నెల్ల తర్వాత నీ పేరు వెతికిన మనిషికి అది కనిపిస్తే చాలు. పాత మేనేజర్ మీద కోపం, కంపెనీ మీద కసి అక్కడ ఎప్పుడూ రాయకు. న్యాయం నీ వైపే ఉన్నా సరే. చదివే మనిషి "రేపు నా గురించి కూడా ఇలాగే రాస్తాడు" అనుకుంటాడు.

ఉద్యోగం వెతుకుతున్నట్టు చూపించే సెట్టింగ్ ఒకటి ఉంది కదా, ఫోటో చుట్టూ అందరికీ కనిపించే పచ్చ చట్రం ఒకటి, రిక్రూటర్లకి మాత్రమే కనిపించేది ఇంకొకటి. ఉద్యోగంలో ఉండగా రెండోదే నయం. అది కూడా మీ కంపెనీ వాళ్ల కంట అస్సలు పడదని లింక్డ్‌ఇన్ పూర్తి హామీ ఇవ్వడం లేదు. తెలిసి వాడు. ఉద్యోగం ఇప్పిస్తామని ముందుగా డబ్బు అడిగేవాళ్లు ఈ రోజుల్లో ఎక్కువవుతారు, వాళ్ల జోలికే వెళ్లకు.

మీ పక్క టీమ్‌లో వెళ్లిపోయిన నలుగురి సంగతి అడుగుతాను. వాళ్లలో ఎవరికైనా ఫోన్ చేశావా? నువ్వేమీ చెడ్డవాడివి కావు, ఏం మాట్లాడాలో తెలియక ఊరుకుని ఉంటావు. అందరూ అలాగే ఊరుకుంటారు. ఉద్యోగం పోయిన మనిషికి మొదటి వారంలో ఫోన్ మోగదు చిన్నా. ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో నాకు తెలుసు. 2001లో నాకు ఒక్క అమ్మాయి ఫోన్ చేసింది, వేరే విభాగంలో కొత్తగా చేరిన పిల్ల. "మేడమ్, మీరు లేకపోతే ఆ రిపోర్టు ఎవరికీ రావడం లేదు, మీరెలా ఉన్నారు?" అంది. దానివల్ల నాకు ఉద్యోగమేమీ రాలేదు. కానీ ఆ వారంలో నేను పనికిరాని మనిషిని కాదని నాతో అన్నది ఆ పిల్ల ఒక్కతే. ఇప్పటికీ తను ఎప్పుడు ఏం అడిగినా నేను కాదనను.

కాబట్టి ఆ నలుగురికీ ఫోన్ చెయ్యి. వాళ్ల పని గురించి నీకు తెలిసిన మంచి లింక్డ్‌ఇన్‌లో రికమండేషన్‌గా రాసిపెట్టు, అడిగేదాకా ఆగకు. వాళ్లకి సరిపోయే ప్రకటన కనబడితే పంపు. ఎవరైనా ఎప్పుడైనా నీకు సాయం చేస్తే, పని అయినా కాకపోయినా ఏమైందో వాళ్లకి చెప్పు. ఏరు దాటాక బోడి మల్లన్న అనే మనిషివి కాకు. నేను రిఫరల్ ఇచ్చినవాళ్లలో సగం మంది, చేరారో లేదో కూడా నాకు చెప్పలేదు.

ఒకవేళ నీ వంతు వచ్చిందే అనుకో. రెండు రోజులు బాధపడు, దాచుకోకు. మూడోరోజు ఆ పదిమందికీ విడివిడిగా రాయి. సూటిగా, సిగ్గుపడకుండా. ఏం జరిగింది ఒక లైను, ఎలాంటి పని వెతుకుతున్నావు ఒక లైను, వాళ్ల కంపెనీలో ఖాళీ కనబడితే దాని లింకు, కింద నీ గురించి నాలుగు వాక్యాలు. ఆ నాలుగు వాక్యాలు ముఖ్యం. వాళ్లు మార్చే పని లేకుండా అలాగే ముందుకి పంపించేలా ఉండాలి. సాయం చేద్దామనుకునేవాళ్లకి కూడా తీరిక తక్కువే.

ఆదివారం సాయంత్రం ఫోన్ చేస్తాను. ఈలోగా సొంత ఈమెయిల్ చేర్చెయ్యి, ఆ పది పేర్లు రాసి ఉంచు. హెడ్‌లైన్ ఎలా కుదిరితే అలా రాసి నాకు పంపు, మనిద్దరం కూర్చుని దిద్దుదాం. ఆ నలుగురితో మాట్లాడాక వాళ్లెలా ఉన్నారో కూడా చెప్పు. ఎవరికైనా నా అవసరం ఉందనిపిస్తే నా నంబరు ఇవ్వు.

నీ పిన్ని