ఐక్యూఏసీ కోఆర్డినేటర్ అయిన మా అమ్మలుకి

అమ్మలూ,

నిన్ను మీ కాలేజీలో ఐక్యూఏసీకి, అదే చదువు నాణ్యత చూసుకునే సెల్‌కి, కోఆర్డినేటర్‌గా వేశారని మీ అమ్మ రాత్రి ఫోన్ చేసి చెప్పింది. సంతోషానికి కొంతసేపు, భయానికి కొంతసేపు, మొత్తానికి నిద్ర పట్టలేదు.

చిన్నవి ముందు చెప్పేస్తా. ఏ ఏడాది ఏక్యూఏఆర్, అదే మీ సెల్ పంపే ఏడాది రిపోర్ట్, ఆ ఏడాదే పెట్టెయ్. మినిట్స్ మీటింగ్ రోజే రాసి సంతకాలు తీసుకో. ప్రిన్సిపాల్ గారు గోడలకి రంగులంటే, కాలేజీలకి గ్రేడులిచ్చే న్యాక్ వాళ్ల 2017 పద్ధతిలో అఫిలియేటెడ్ కాలేజీకి 1000 మార్కుల్లో 350 టీచింగ్ లెర్నింగ్‌కే ఇచ్చారని చూపించు.

ఇది మాత్రం మీ అమ్మకి కూడా చెప్పలేదు. మా కాలేజీ మొదటిసారి న్యాక్‌కి వెళ్లినప్పుడు స్టూడెంట్ ఫీడ్‌బ్యాక్ పని నాదే. కాగితం ఫారాలు, స్టాఫ్‌రూమ్‌లో ఒక్కదాన్నే కూర్చుని లెక్కేస్తుంటే బీఎస్సీ ఫైనలియర్ పిల్ల రాసిన ఫారం ఒకటి వచ్చింది, గుండ్రటి అక్షరాలు, కింద సలహాల గడిలో 'మేడం, టైట్రేషన్ మేం చెయ్యలేదు, మీరు చేస్తుంటే చూసి రీడింగులు రికార్డులో ఎక్కించుకున్నాం' అని రాసింది. నిజమే, మా కెమిస్ట్రీ ల్యాబ్‌లో ముప్పై మందికి ఆరు బ్యూరెట్లు, అందులో రెండు కారేవి. నేనేం చేశానంటే ఆ ఫారం మడిచి హ్యాండ్‌బ్యాగ్‌లో దాచేసి, ఖాళీ ఫారం మీద నా చేత్తోనే అన్నిటికీ 'వెరీ గుడ్' టిక్ పెట్టా. మంచి గ్రేడ్ వచ్చింది, స్వీట్లు పంచారు. ఏడాది తర్వాత అనకాపల్లి బస్టాండ్‌లో ఆ పిల్లే కనబడింది, పరవాడలో ఫార్మా కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్తే పిపెట్ చేతికిచ్చి పది ఎమ్మెల్ తియ్యమన్నారట, చెయ్యి వణికిపోయిందట, ఉద్యోగం రాలేదు. నన్ను ఒక్క మాటనలేదు, నా సంచీ అందుకుని బస్సెక్కించింది. ఆ కాగితం ప్రిన్సిపాల్ టేబుల్ మీద పెట్టుంటే ఇంకో పది బ్యూరెట్లు వచ్చేవి కదే!

అందుకే తిట్టిన ఫారాలే ముందు చదువు, అవే మీటింగ్‌లో పెట్టు, ఏం చేశామో యాక్షన్ టేకెన్ రిపోర్ట్‌లో రాసి పిల్లలక్కూడా చెప్పు. సీఓ అటెయిన్‌మెంట్ షీట్‌లో, అదే కోర్సులో నేర్చుకోవాల్సింది పిల్లలకి ఎంత వచ్చిందో లెక్కేసేదాంట్లో, అన్నిటికీ పై స్థాయి 3 వచ్చిందంటే నమ్మెయ్యకు, ఇంటర్నల్స్ ప్రశ్నలన్నీ గైడ్‌లోవేనేమో చూడు, పది మందిని ల్యాబ్‌కి పిలిచి చేయించి చూడు. నువ్వసలే పెద్దవాళ్లేమంటే దానికి తలూపే రకం, చిన్నప్పుడు జ్వరమొచ్చినా చెప్పేదానివి కాదు, నా భయమంతా అదే. ఎక్సెల్ ముందు కూర్చుని అన్నం మానేశావని తెలిస్తే మాత్రం బస్సెక్కి వచ్చేస్తా.

ఆ ఫారం ఇంకా బీరువాలో చీరల కిందే ఉంది, సంక్రాంతికొచ్చినప్పుడు తీసుకెళ్లు.

మీ పిన్ని