విరిగిన సర్ఫ్‌బోర్డు ఫోమ్‌తో ఇంట్లో కొత్త బోర్డు చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. నేను విశాఖలోనే చేశాను, రుషికొండలో దాని మీదే తిరుగుతున్నాను. కాకపోతే యూట్యూబ్ కట్టేసి, ఫైబర్ తెప్పలు చేసే మేస్త్రీ ఎవరైనా ఉంటే ఆయన్ని పట్టుకోండి.

నాకు దొరికింది సగానికి విరిగిన లాంగ్‌బోర్డు, అంటే పొడుగాటి సర్ఫ్‌బోర్డు. ఎవరో టూరిస్టు వదిలేసి పోతే, మొక్కజొన్న పొత్తుల బండాయన దాన్ని గాలికి అడ్డం పెట్టుకున్నాడు. పొడుగు ముక్క అడిగి తెచ్చుకున్నాను. పైనున్న ఫైబర్ తొక్కకి కట్టర్‌తో గాటుపెట్టి కటింగ్ ప్లేయర్‌తో లాగాలి. వెనక్కి మడిచి నిదానంగా లాగితే సాఫీగా వస్తుంది, నిటారుగా పైకి పీకారో ఫోమ్ పెళ్లలు పెళ్లలుగా ఊడొస్తుంది. విరిగిన చోట ఉప్పునీళ్లు పీల్చుకుని గోధుమరంగుకి తిరిగింది. ఫ్యాన్ కింద ఆరబెట్టి, అప్పుడప్పుడూ తూచి, బరువు తగ్గడం ఆగిపోయాకే పని మొదలుపెట్టాను.

చిత్రిక పట్టేటప్పుడు అత్యాశ వద్దు. ఈ ఫోమ్ పైన గట్టిగా, లోపలికి పోయేకొద్దీ మెత్తగా ఉంటుంది. ఎక్కువ చెక్కితే మడమ పెట్టిన చోటల్లా గుంట పడుతుంది. షేపు గురించి జనం అనవసరంగా టెన్షన్ పడతారు. రెండు పక్కల అంచులూ ఒకేలా వస్తే చాలు, మన అలలకి ఏదైనా నడుస్తుంది.

అసలు కథంతా రెసిన్ దగ్గరే, అంటే ఫైబర్ గుడ్డని ఫోమ్‌కి పట్టించి గట్టిపడే జిగురు ద్రవం. రెసిన్ డబ్బా పట్టుకుని హార్బర్ వైపు ఒక షెడ్డుకి వెళ్తే, మేస్త్రీ నా బోర్డు వైపు కన్నెత్తి చూడలేదు. "ఇది తర్మాకోలా, మరోటా? ముందది తేల్చండి బాబూ" అన్నాడు. ఫోమ్ చెక్కాక మిగిలిన తునక మీద పాలిస్టర్ రెసిన్ చుక్క వేశాడు. పక్కనే ప్యాకింగ్ థర్మాకోల్ ముక్క మీద ఇంకో చుక్క. కాసేపటికి థర్మాకోల్ కుంగి గొయ్యి పడింది, నా తునక చెక్కుచెదరలేదు. నాది పాలీయురెథేన్ ఫోమ్. థర్మాకోల్ అయితే ఎపాక్సీ అనే ఇంకో రకం రెసినే గతి, పాలిస్టర్ రెసిన్ దాన్ని తినేస్తుంది.

"ఇప్పుడే కానిద్దామా మేస్త్రీ గారూ?" అని తొందరపడ్డాను. ఒప్పుకోలేదు. ఎండకి ఫోమ్ వేడెక్కుతుంటే లోపలి గాలి ఉబ్బి గుడ్డ కింద బుడగలు లేపుతుందట, చల్లబడేటప్పుడే వెయ్యాలట. సాయంత్రం మొదలుపెట్టాం. రెసిన్ త్వరగా గట్టిపడేలా చేసే కోబాల్ట్ ద్రావణాన్ని ముందు అందులో బాగా కలిపాకే, దాన్ని గట్టిపరిచే హార్డ్‌నర్ పోశాడు. ఆ రెండూ నేరుగా కలిస్తే భగ్గుమంటాయి, ఇది మాత్రం ఎవరూ మరిచిపోకండి. తెప్పలకి వాడే మందపాటి ఫైబర్ మ్యాట్ వేద్దామన్నాడు. అది వేస్తే బోర్డు మోయడానికి ఇద్దరు కావాలి. చదరపు మీటరుకి 200 గ్రాములుండే నేత ఫైబర్ గుడ్డే కావాలని పట్టుబట్టాను, పైన రెండు వరసలు, కింద ఒకటి. రబ్బరు ముక్కతో ఆయన మధ్య నుంచి అంచులకి తోసిన తీరు చూడాలి! తెల్లటి గుడ్డ చేతి వెనకాలే గాజులా మాయమైపోయింది.

ఇంత పనితనం ఊళ్లో పెట్టుకుని మనం బోర్డులు బయటి నుంచి తెప్పించుకుంటాం. కొరియర్‌వాళ్లు దాన్ని అటూ ఇటూ కొట్టి తెస్తారు, కొన అప్పటికే పగిలుంటుంది. 2005 డిసెంబరు 5న అమెరికాలో సర్ఫ్‌బోర్డుల ఫోమ్ చేసే క్లార్క్ ఫోమ్ కంపెనీ రాత్రికి రాత్రి మూతపడితే అక్కడ బోర్డులు చెక్కే షేపర్లు ఫోమ్ కోసం అల్లాడిపోయారు. ఒక్క దుకాణం మీద ఆధారపడితే అంతే మరి.

అపార్ట్‌మెంట్ బాల్కనీలో మాత్రం చెయ్యకండి. ఆ వాసనకి అసోసియేషన్ మీటింగ్ పెడతారు, మాకు పెట్టారు. గుడ్డ మాస్కు చాలదు, రసాయన ఆవిర్లకి పనికొచ్చే క్యాట్రిడ్జ్ మాస్కు కొనండి. ఇంతా చేసి డబ్బు మిగులుతుందా అంటారా? మాస్కు, గుడ్డ, రెసిన్, మేస్త్రీ కూలీ, బోర్డు అడుగున బిగించే ఫిన్లు (రెక్కలు) కలిపితే సెకండ్ హ్యాండ్ బోర్డుకి దగ్గరదగ్గరగా అయింది. మా ఆవిడకి ఆ లెక్క ఇంకా చెప్పలేదు.