ప్రైవేట్ లిమిటెడ్ పెట్టేముందు ఇది చదువు అల్లుడూ

అల్లుడూ,

అక్క ఫోన్ చేసి చెప్పింది, తుళ్ళూరు వైపు డ్రైన్లు, సీసీ రోడ్ల సబ్ కాంట్రాక్టు పట్టావంట, చాలా సంతోషం రా. కానీ కంపెనీ పెడితే ట్యాక్స్ తగ్గుద్దని నీకెవరో చెప్పారంట, అందుకే కూర్చుని రాస్తున్నా. గవర్నర్‌పేటలో ఆడిటర్ గారి ఆఫీసులో ఇన్నేళ్ళూ కాంట్రాక్టర్ల లెక్కలు చూసినోడిగా చెప్తున్నా, నీ సైజు పనికి ట్యాక్స్ కోసం కంపెనీ పెట్టడం శుద్ధ దండగ.

లెక్క చూడు. ఏడాదికి నీ బిల్లులు కోటిన్నర అనుకుందాం, అన్నీ బ్యాంకులోనే పడతాయ్. సొంత పేరు మీద ప్రొప్రైటర్‌గా ఉంటే చిన్న వ్యాపారాలకి అంచనా లాభం మీద ట్యాక్స్ వేసే పద్ధతి (పాత చట్టంలో 44ఏడీ అనేవాళ్ళు) కింద అందులో 6 శాతం, అంటే 9 లక్షలు లాభం చూపిస్తే సరిపోద్ది (నిజంగా అంతకంటే ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపించాలి, ఇందులో తేడా రానీకు). ఇన్‌కమ్ ట్యాక్స్ కొత్త విధానంలో 2025-26 నుంచి 12 లక్షల ఆదాయం దాకా ట్యాక్స్ లేదు, కాబట్టి నువ్వు కట్టేది సున్నా. ఆడిట్ ఉండదు, జీఎస్టీ లెక్కలు మాత్రం ఎటూ ఉండాల్సిందే. ఈ వెసులుబాటు 2 కోట్ల టర్నోవర్ దాకా, నగదు 5 శాతం దాటకపోతే 3 కోట్ల దాకా ఉంది, కంపెనీకి మాత్రం లేదు, ఎల్‌ఎల్‌పీ అనే పరిమిత బాధ్యత పార్ట్‌నర్‌షిప్‌కీ లేదు. అదే 9 లక్షలు కంపెనీలో లాభంగా మిగిల్తే 22 శాతం రేటు ఎంచుకున్నా సర్‌ఛార్జీ, సెస్సు కలిపి 25.168 శాతం, అంటే 2,26,512 రూపాయలు. మిగిలింది డివిడెండ్‌గా తీసుకుంటే 2020 నుంచి అది మళ్ళీ నీ ఆదాయంలో కలుస్తుంది.

డైరెక్టర్ జీతం తీసుకుని లాభం తగ్గించుకోవచ్చు కదా మావయ్యా అంటావ్. తీసుకోవచ్చు, తప్పు లేదు, కానీ కంపెనీ లాభం ఏమీ లేదని చూపిస్తే రేపు ఓవర్‌డ్రాఫ్ట్‌కి వెళ్ళినప్పుడు బ్యాంకోడు ఆ బ్యాలెన్స్ షీటే ముందు పెట్టి అడుగుతాడు. ఇంకోటి, నీ బిల్లులో మెయిన్ కాంట్రాక్టరు ముందే కోసి పట్టుకునే ట్యాక్స్, అదే టీడీఎస్, మనిషికైతే 1 శాతం, కంపెనీకైతే 2. కోటిన్నర మీద లక్షన్నర తేడా, రిఫండ్ వచ్చేదాకా ఇరుక్కుపోద్ది, మేస్త్రీలకి శనివారం పేమెంట్లు చేసేవాడికి లక్షన్నర అంటే ఏంటో నీకు తెలుసు.

ఇక కాగితాల పని. పైసా పని జరక్కపోయినా ప్రతి ఏడూ ఆడిట్ చేయించాలి, కంపెనీల రిజిస్ట్రార్ ఆఫీసు ఆర్వోసీకి లెక్కల ఫారం ఏఓసీ-4, వార్షిక రిటర్న్ ఎంజీటీ-7ఏ వెయ్యాలి, లేటైతే ఒక్కో ఫారానికి రోజుకి 100 రూపాయలు. రెండు ఫారాలు ఏడాది మర్చిపోతే 73,000. వరసగా మూడేళ్ళు వెయ్యకపోతే డైరెక్టర్‌గా అయిదేళ్ళు అనర్హుడివి, 2017లో అట్లా లక్షల మంది డైరెక్టర్ల పేర్లు పోయినయ్.

నువ్వు అసలు భయపడేది ఇంటి గురించి అని నాకు తెలుసు. పని తేడా కొడితే బ్రాడీపేట ఇల్లు పోకూడదని కంపెనీ గొడుగు కింద నిలబడదామనుకుంటున్నావ్. ఆ ఆలోచన మంచిదే, నేను కాదనను. కానీ ఆ రక్షణ ఎక్కడ ఆగిపోద్దో ముందు తెలుసుకో. బ్యాంకు గ్యారంటీ కావాలన్నా ఓవర్‌డ్రాఫ్ట్ కావాలన్నా చిన్న కంపెనీ అనగానే డైరెక్టర్ల పర్సనల్ గ్యారంటీ అడుగుతారు, అది సంతకం పెట్టావంటే ఆ అప్పు వరకు కంపెనీ ఉన్నా లేనట్టే. సిమెంటు, ఐరన్ షాపు వాళ్ళు అరువిచ్చేటప్పుడు నీ సొంత చెక్కు ఉంచమంటారు. కంపెనీ చెక్కు బౌన్సయినా సంతకం పెట్టిన డైరెక్టరు మీద కేసు పడుద్ది. ప్రైవేట్ కంపెనీ దగ్గర జీఎస్టీ బాకీ వసూలు కాకపోతే, తన నిర్లక్ష్యం లేదని రుజువు చేసుకోలేని డైరెక్టర్ దగ్గర వసూలు చేసే అధికారం చట్టంలోనే ఉంది. కాబట్టి నీకు నిజంగా మిగిలే రక్షణ నువ్వు సొంతంగా సంతకం పెట్టని అప్పులకీ, కంపెనీ మీద వచ్చే నష్టపరిహారం దావాలకీనూ. అది చిన్నదేం కాదు, సైట్లో కూలీలకి ఇన్సూరెన్స్ కూడా చేయించావంటే ఇంకా గట్టిది, ఆ ఇన్సూరెన్స్ మాత్రం కంపెనీ పెట్టినా పెట్టకపోయినా ఈ వారమే చేయించు.

మరి కంపెనీ ఎప్పుడు? బిల్లులు 3 కోట్లు దాటి ఆ 6 శాతం వెసులుబాటు పోయాక, వచ్చిన లాభం ఇంటికి తెచ్చుకోకుండా ఎక్స్‌కవేటరో కాంక్రీటు కలిపే బ్యాచింగ్ ప్లాంటో కొనడానికి అక్కడే ఉంచుతానంటే పెట్టు. ఎందుకంటే నీ సొంత ఆదాయం 24 లక్షలు దాటిన దగ్గర్నుంచి 30 శాతం, కంపెనీకి ఆ పాతిక చిల్లరే. ఇంకొకడు డబ్బు పెట్టి వాటా అడుగుతుంటే కూడా కంపెనీయే మంచిది, నోటిమాట పార్ట్‌నర్‌షిప్పులు ఎన్ని కుటుంబాల్ని విడదీసినయ్యో చూశాను నేను. మనిషికి ఏదన్నా అయినా కంపెనీ ఉంటుంది, దాని పాన్ ఉంటుంది, ప్రొప్రైటర్‌ది అతనితోనే ఆగిపోద్ది. నీ పిల్లలు పెద్దవుతున్నారు కాబట్టి ఈ మాట చెప్తున్నా.

అప్పుడైనా ఒకటి గుర్తు పెట్టుకో, కంపెనీ డబ్బు నీది కాదు. ఇంట్లో పెళ్ళి ఉందని కంపెనీ అకౌంట్లోంచి అయిదు లక్షలు తీస్తే అది డైరెక్టరుకి అప్పు ఇచ్చినట్టు, చట్టం అన్నిసార్లూ ఒప్పుకోదు, పైగా డివిడెండ్ కింద లెక్కేసి ట్యాక్స్ వెయ్యొచ్చు. మీ ఇంట్లో ఒకే జేబు అలవాటు, అందుకే గట్టిగా చెప్తున్నా.

ఇప్పటికి సొంత పేరు మీదే చెయ్. కరెంట్ అకౌంట్ ఒకటి విడిగా తెరువు, చిన్న పరిశ్రమలకిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ తీసుకో, అది ప్రొప్రైటర్‌కీ ఇస్తారు. పని అయ్యాక వర్క్ డన్ సర్టిఫికెట్ అడిగి తీసుకో. రేపు కంపెనీ పెట్టి సొంతంగా టెండర్ వేస్తే పాత అనుభవం, పాత టర్నోవర్ నీ పేరు మీద ఉంటాయి గానీ కొత్త కంపెనీకి వాటంతట అవి రావు, బిజినెస్ మొత్తం కంపెనీకి అప్పగించినట్టు కాగితం రాయాలి, ఆ టెండర్ షరతుల్లో దాన్ని ఒప్పుకుంటారో లేదో చూడాలి. రిజిస్ట్రేషన్ చేయిస్తానన్నవాడికి అడ్వాన్స్ ఇవ్వకు. ముందు ఆ మెయిన్ కాంట్రాక్టరు వాళ్ళ అగ్రిమెంట్లో గ్యారంటీ, పెనాల్టీ క్లాజులున్న పేజీలు ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్, ఆదివారం గుంటూరు వచ్చినప్పుడు కూర్చుని చూద్దాం.

మీ మావయ్య