మీ ప్రశ్నలు: షూమన్ సింఫనీల చిక్కదనం ఎవరిది?

ప్రశ్న: పంతొమ్మిదో శతాబ్దపు జర్మన్ స్వరకర్త రాబర్ట్ షూమన్ సింఫనీలు నాలుగూ వినడం మొదలుపెట్టాను. ఎక్కడ చదివినా ఒకటే మాట: ఆయన పియానో మనిషి, ఆర్కెస్ట్రాకి రాయడం చేతకాలేదు, అంతా ముద్దముద్దగా ఉంటుంది అని. నాకూ అలాగే వినపడింది. తప్పు నా చెవిదా, రికార్డింగుదా, షూమన్‌దా? నాలుగూ కలిపి ఒకరే చేసిన సెట్లలో ముందు ఏది వినమంటారు?

జవాబు: మీ చెవిని ఏమీ అనకండి, అది బాగానే ఉంది. ఏ రికార్డింగ్ విన్నారో మీరు రాయలేదు గానీ ఊహించగలను. పెద్ద ఆర్కెస్ట్రా, ముందంతా వయొలిన్లు, ఫ్లూట్లూ ఓబోలూ ఎక్కడో గోడ అవతల. నేనూ అలాంటి సెట్‌తోనే మొదలుపెట్టాను. రెండో సింఫనీ సగంలో ఆపేసి, షూమన్ అంటే పాటలూ పియానో ముక్కలే అనుకుని ఎనిమిదేళ్ళు హాయిగా గడిపేశాను. ఎవరైనా అడిగితే "ఆర్కెస్ట్రా పని రాదు పాపం" అని పెద్దమనిషిలా చెప్పేవాణ్ణి కూడా. ఎక్కడో చదివిన మాట అది, నేను విని తేల్చుకున్నది కాదు.

అసలు సంగతి ఇది. షూమన్ ఒకే వరసని వయొలిన్లకీ, ఫ్లూట్‌కీ, క్లారినెట్‌కీ కలిపి ఇవ్వడానికి ఇష్టపడతాడు. అలా కలిపితే ఒక కొత్త రంగు పుట్టాలి. మొదటి రెండు సింఫనీలూ మొట్టమొదట వినిపించింది లైప్‌జిగ్‌లోని పాత గెవాంట్‌హౌస్ హాల్లో, స్వరకర్త, కండక్టర్ మెండెల్సన్ చేతిమీదుగా: మొదటిది 1841 మార్చి 31న, రెండోది 1846 నవంబర్ 5న. 1781లో సుమారు 500 మందికని కట్టిన హాలది. వాయించేవాళ్ళూ ఇవాళ్టి పెద్ద ఆర్కెస్ట్రాలంత మంది కాదు. అక్కడ రెండు ఫ్లూట్లు వయొలిన్ల వరసకి అంచు కట్టినట్టు వినపడి ఉంటాయి. అదే కాగితాన్ని పదహారుమంది మొదటి వయొలిన్ల ముందు పెట్టి, వాళ్ళని హాయిగా సాగదీసి వాయించమంటే ఆ అంచు కాస్తా మునిగిపోతుంది. అప్పుడు కలిపి రాసిందంతా బరువే. కాబట్టి మీరు విన్న ముద్ద నిజమే, కానీ అందులో సగానికి పైగా షూమన్ వండింది కాదు.

నాకు కళ్ళు తెరిపించింది కండక్టర్ వోల్ఫ్‌గాంగ్ సవాలిష్, డ్రెస్డెన్ స్టాట్స్‌కపెల్లె ఆర్కెస్ట్రాతో 1972లో చేసిన సెట్. చిత్రం ఏమిటంటే అది చిన్న ఆర్కెస్ట్రా కాదు, రికార్డ్ చేసింది ప్రతిధ్వని బాగా ఉన్న చర్చిలో. అయినా లోపలి వరసలన్నీ విడివిడిగా కదులుతుంటాయి. టింపనీ (పెద్ద గిన్నె డ్రమ్ముల) దెబ్బ మెత్తగా పరుచుకోకుండా ఠపీమని పడి, పైన సాగుతున్నదాన్నంతా నిలబెడుతుంది. శబ్దంలో కొంచెం గరుకుతనం ఉంది, బిగ్గరైన చోట్ల గీరుకుంటుంది కూడా. ఇన్నేళ్ళయినా నేను ముందు తీసేది అదే. మీరూ దానితోనే మొదలుపెట్టండి.

తర్వాత జాన్ ఎలియట్ గార్డినర్, షూమన్ కాలపు వాద్యాలతో 1997లో చేసింది వినండి. పేగు తీగల వయొలిన్లు, పాత కాలపు హార్న్‌లు. సవాలిష్‌లో విడివిడిగా వినపడ్డ వరసలకి ఇక్కడ రంగులు కూడా వేరువేరని తెలుస్తుంది. ఏకబిగిన నాలుగు సింఫనీలు పెట్టుకోకండి మరి. గార్డినర్ అక్కడక్కడా ఊపిరి తీసుకోనివ్వడు.

సెట్లు పోల్చేటప్పుడు నేను మొత్తం విని మార్కులు వెయ్యను. సింఫనీకి ఒక చోటు పెట్టుకుంటాను. రెండో సింఫనీలో అయితే మొట్టమొదటి నిమిషం. 1845లో, ఒంట్లో బాగులేని రోజుల్లో, కొన్నాళ్ళుగా తలలో డ్రమ్ములూ ట్రంపెట్లూ మోగుతున్నాయని షూమన్ మెండెల్సన్‌కి రాశాడు. సింఫనీ తెరుచుకునేది ఆ ట్రంపెట్ల పిలుపుతోనే, కానీ చాలా మెల్లగా, కింద తీగవాద్యాలు నీళ్ళలా పాకుతుండగా. ట్రంపెట్ గట్టిగా వస్తే అది ఊరేగింపు అయిపోతుంది, మరీ తగ్గితే అసలు వినపడదు. దూరంగా ఉండి కూడా ఎటు నుంచి వస్తోందో తెలియాలి. ఆ సింఫనీలోనే స్కెర్జో అనే చురుకైన భాగం ఉంది కదా, మొదటి వయొలిన్లు ఆగకుండా పరిగెత్తేది, దాన్ని ఆర్కెస్ట్రా ఉద్యోగాల పరీక్షల్లో వయొలినిస్టుల చేత వాయించి చూస్తారు. చిన్నప్పుడు నేర్చుకున్న వయొలిన్ మీద నేనూ ఓసారి ప్రయత్నించాను. నాలుగో వరసలో చేతులెత్తేశాను.

మూడోదానికి, అంటే రైన్ నది పేరుతో పిలిచేదానికి, అందరూ మొదటి పేజీ చూస్తారు. మూడు మాత్రల లెక్కలో రాసినా చెవికి దాని రెట్టింపు అంగలు వేస్తున్నట్టు వినపడే ఆ ఆరంభం బాగుండని రికార్డింగ్ అరుదు. నేను చూసేది నాలుగో భాగం. ఉన్నవి అయిదు భాగాలు. మొదటి మూడింటిలో ట్రాంబోన్లకి ఒక్క స్వరం కూడా లేదు. ఆ ముగ్గురూ వాద్యం ఒళ్ళో పెట్టుకుని ఇరవై నిమిషాల దాకా కూర్చోవాలి. తర్వాత ఒక్కసారిగా, పెదవి వేడెక్కకుండానే, హార్న్‌లతో కలిసి మెల్లగా మొదలుపెట్టాలి. పై ట్రాంబోన్ అయితే చూస్తుండగానే ఎక్కడికో ఎత్తుకి ఎక్కాలి, అదీ గొంతు పెంచకుండా. ట్రాంబోన్ వాయించేవాళ్ళకి ఈ పేజీ అంటే ఇప్పటికీ వణుకే. కొలోన్ కెథెడ్రల్‌ని మనసులో పెట్టుకుని రాసిందంటారు దీన్ని. 1850లో షూమన్ చూసేటప్పటికి ఆ కట్టడం ఇంకా పూర్తి కాలేదు, 1880లో గానీ కాలేదు. నాకెందుకో ఆ ట్రాంబోన్ల జాగ్రత్తలో కప్పు పడని గోడల ఎత్తు కనిపిస్తుంది. ఇక్కడ సవాలిష్ ట్రాంబోన్లు సాక్షాత్తూ పాడతాయి. గార్డినర్‌వి పాత కాలపు సన్న గొట్టాలు కాబట్టి పలచగా, కొంచెం భయపెట్టేలా ఉంటాయి. చాలా రికార్డింగుల్లో ఇది బ్రాస్ బృందం, అంటే ఇత్తడి ఊదువాద్యాలవాళ్ళు, గొప్ప చూపించుకునే చోటు. అలాంటివి నేను అక్కడికక్కడే ఆపేస్తాను.

లెనర్డ్ బెర్న్‌స్టైన్ పేరు ఎత్తకపోతే ఉత్తరాలు వస్తాయి కాబట్టి: 1980ల్లో వియన్నా ఫిల్హార్మోనిక్‌తో చేసింది ఎంతోమందికి ప్రాణం. రెండో సింఫనీలోని నెమ్మది భాగాన్ని అంతగా గుండెకి హత్తుకున్నవాళ్ళు లేరు. 1990లో, పోయే ఏడాది, జపాన్‌లోని సప్పొరోలో కుర్ర వాద్యకారులతో ఆయన తయారు చేయించింది కూడా ఆ సింఫనీనే. ఆ ఒక్క భాగం కోసం నేనూ వింటాను. మిగతా చోట్ల షూమన్ కన్నా ఆయనే ఎక్కువ చెమట కక్కుతున్నట్టుంటుంది.

ప్రశ్న: నా దగ్గర నాలుగో సింఫనీ రెండు రికార్డింగులు ఉన్నాయి. ఒకటి ఫుర్ట్‌వెంగ్లర్, ఒకటి సైమన్ రాటిల్. ఆర్కెస్ట్రా రెండింటికీ బెర్లిన్ ఫిల్హార్మోనిక్కే. పక్కపక్కన పెట్టి వింటే కొన్నిచోట్ల స్వరాలే వేరుగా ఉన్నట్టుంది. కండక్టర్ మారితే ఇంత తేడా వస్తుందా?

జవాబు: రాదు. మీరు బాగా విన్నారు, స్వరాలే వేరు. నాలుగోది అని పిలిచే ఈ డి మైనర్ సింఫనీని షూమన్ 1841లోనే రాశాడు. వరసలో నిజానికి రెండోది. ఆ డిసెంబర్‌లో లైప్‌జిగ్‌లో వాయిస్తే జనం పెద్దగా పట్టించుకోలేదు, ఆయన పక్కన పెట్టేశాడు. పదేళ్ళ తర్వాత, 1851లో, డ్యూసెల్‌డోర్ఫ్‌లో ఉన్నప్పుడు మళ్ళీ తీసి తిరగరాశాడు. అచ్చయ్యేసరికి నాలుగో నంబరు పడింది. రాటిల్ వాయించింది 1841 నాటిది, ఫుర్ట్‌వెంగ్లర్‌ది 1851 నాటిది.

దీని మీద ఇంట్లోనే గొడవ అయింది. ఆ ఇంటికి ఆప్తుడైన స్వరకర్త బ్రామ్స్‌కి పాతదే ముద్దు, పలచగా తేలిగ్గా ఉందని. 1891లో దాన్ని అచ్చు వేయించాడు. షూమన్ భార్య క్లారాకి అది బొత్తిగా నచ్చలేదు, భర్త చివరికి ఖాయం చేసిందే అసలైనదని ఆవిడ పట్టు. నన్నడిగితే ఇద్దరిదీ నిజమే అని తప్పించుకోను: నేను క్లారా పక్షం. పాతదాంట్లో గాలి ఆడుతుంది, ఒప్పుకుంటాను. కానీ మూడో భాగం నుంచి నాలుగో భాగంలోకి వెళ్ళే ఆ చీకటి దారి రెండోసారి రాసినప్పుడే నిజంగా చీకటైంది.

ఆ చోటు కోసమే ఫుర్ట్‌వెంగ్లర్ 1953 మేలో చేసిన ఈ రికార్డింగ్. మోనో, పాత శబ్దం. స్కెర్జో అలసిపోయి ముక్కలు ముక్కలుగా రాలిపోతుంది. తీగలు సన్నగా వణుకుతుంటాయి. మొదటి వయొలిన్లు సింఫనీ మొదట్లో విన్న చిన్న తిరుగుడునే మళ్ళీ మళ్ళీ అడుగుతుంటాయి. వెనక బ్రాస్ ఒక్కో మెట్టు లేస్తుంది. ఇక్కడ చాలామంది కండక్టర్లు శబ్దం పెంచుతారు. ఈయన కాలాన్ని సాగదీస్తాడు. ఇంకెంత పెరుగుతుందిలే అనుకున్న చోట ఇంకొంచెం పెరుగుతుంది. హెడ్‌ఫోన్స్‌లో విన్న ప్రతిసారీ నా భుజాలు పైకి లేస్తాయి, ఫినాలె, అంటే చివరి భాగం, మొదలయ్యాకే దిగుతాయి. చిక్కదనం దోషం అనేవాళ్ళకి ఈ ఒక్క పేజీ వినిపించాలి. ఇక్కడ అది పలచబడితే ఏమీ మిగలదు.

రెండు పాఠాలూ ఒకే చేతిమీదుగా వినాలంటే గార్డినర్ సెట్‌లో రెండూ ఉన్నాయి.

ప్రశ్న: తర్వాతి తరం స్వరకర్త గుస్టావ్ మాలర్ ఈ సింఫనీలని సరిదిద్దాడట కదా. అది వినడం తప్పా?

జవాబు: తప్పేముందండీ. మాలర్ చేసింది ఎక్కువగా తీసివేతలే: అనవసరం అనుకున్న చోట్ల కలిపి ఇచ్చిన వాద్యాలని ఆపడం, కొందరిని మెల్లగా వాయించమనడం. రికార్డో షాయీ లైప్‌జిగ్ గెవాంట్‌హౌస్ ఆర్కెస్ట్రాతోనే వీటిని రికార్డ్ చేశాడు. మొదటి సింఫనీ తెరుచుకునే పిలుపు అందులో వినండి, ఒక తమాషా తెలుస్తుంది. షూమన్ దాన్ని మొదట ఇంకా కింది శ్రుతిలో రాశాడు. వాల్వులు (స్వరం మార్చే మీటలు) లేని హార్న్‌లలో ఆ స్వరాలు కొన్ని చెయ్యి అడ్డం పెట్టి పలికించాలి. రిహార్సల్లో జలుబు చేసినట్టు వచ్చేసరికి పైకి జరిపేశాడు. మాలర్ కాలానికి వాల్వులు మామూలే కాబట్టి మళ్ళీ కిందికి దించాడు. అంటే ఇక్కడ ఆయన దిద్దింది షూమన్ తప్పుని కాదు, వాద్యం లోపాన్ని. చేతులు పెట్టింది ఆయనొక్కడే కూడా కాదు. క్లీవ్‌లండ్ ఆర్కెస్ట్రాతో జార్జ్ సెల్ చేసిన ప్రసిద్ధమైన సెట్‌లోనూ చిన్న చిన్న సవరణలు ఉన్నాయి. వినడానికి అది అద్దంలా ఉంటుంది. రెండో సింఫనీకి సవాలిష్ లేకపోతే నాకు సెల్లే.

ప్రశ్న: మీరు చెప్పిన ఫుర్ట్‌వెంగ్లర్ నాలుగో సింఫనీ ఫోన్‌లో విన్నాను. మూడో భాగం అయ్యాక ఒక క్షణం పూర్తిగా ఆగి, తర్వాత నాలుగోది మొదలైంది. మీరు ఓసారి వర్ణించిన దారి నాకు దొరకలేదు.

జవాబు: అయ్యో, అది ఫుర్ట్‌వెంగ్లర్ ఆపింది కాదు, మీ ఫోన్ ఆపింది. ఈ సింఫనీలో భాగాల మధ్య విరామం లేకుండా వాయించాలని షూమన్ ఉద్దేశం. కానీ రికార్డింగుని భాగానికి ఒక ట్రాక్ చొప్పున కోస్తారు. కొన్ని యాప్‌లు ఒక ట్రాక్ అయ్యాక రెండోది తెరవడానికి అర సెకనో సెకనో తీసుకుంటాయి. ఆ కోత సరిగ్గా స్కెర్జో వాడిపోతున్న చోట పడుతుంది. నాకూ ఇదే జరిగింది. ఓ మిత్రుణ్ణి కూర్చోబెట్టి, ఇదిగో ఇప్పుడు చూడు అని వేలెత్తాను. నిశ్శబ్దం. వేలు అలాగే గాల్లో ఉండిపోయింది. యాప్ సెట్టింగుల్లో ప్లేబ్యాక్ కింద గ్యాప్‌లెస్ అని ఉంటుంది, అది ఆన్ చెయ్యండి. ఒక పాటలోకి ఇంకోటి కలిపే క్రాస్‌ఫేడ్ ఉంటే దాన్ని మాత్రం ఆపేయండి. అప్పుడు మూడో భాగం చివరి రెండు నిమిషాల దగ్గర్నుంచి పెట్టుకోండి.